జంట గింజ

ఆ గురువారం సైంటిస్టు హేమాద్రి గారు యంత్రానికి పరీక్ష పెట్టారు. ఏరుడు గదిలో పనిచేసే ఐదుగురు ఆడవాళ్లూ కుర్చీలు వెనక్కి జరిపి ఆయన వెనక నిలబడ్డారు. తెర నిండా ఆకాశం ఫొటో. నల్లటి గుడ్డ మీద ఎవరో ఉప్పు చల్లినట్టు నక్షత్రాలు. ఆయన అందులో తన చేత్తో ఒక చిన్న జరిగే చుక్కను ఇరికించారు. రెప్ప వేసేలోగా యంత్రం దాని చుట్టూ పచ్చటి సున్న చుట్టింది.

"పట్టేసింది పెద్దక్క," అంది భూలక్ష్మి.

"ఇప్పుడు చూడండి." ఆయన ఆ చుక్క పక్కనే, ఆనీ ఆనకుండా ఇంకో చుక్కను పెట్టారు.

పచ్చ సున్న మాయమైంది.

రెండో చుక్క తీసేస్తే సున్న వచ్చింది. పెడితే పోయింది. పది ఫొటోల మీద పదిసార్లు అదే చేసి, చివరికి ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ కూర్చున్నారు.

మారేడుకొండ మీది పెద్ద టెలిస్కోపు రోజూ ఆకాశాన్ని ముక్కలు ముక్కలుగా ఫొటోలు తీస్తుంది. ప్రతి ముక్కనూ అరగంట తేడాతో మూడుసార్లు తీస్తుంది. నక్షత్రాలు ఉన్నచోటే ఉంటాయి. సూర్యుడి చుట్టూ తిరిగే రాళ్లు, అంటే గ్రహశకలాలు, ఆ అరగంటలో కాస్త జరుగుతాయి. వేల చుక్కల్లో జరిగిన చుక్కను ఏరడం యంత్రం పని. అది ఏరిన చుక్కల్ని పగటిపూట కొండ కింద ఈ గదిలో ఆడవాళ్లు ఇంకోసారి చూసి, దుమ్మూ మరకా అయితే తీసేస్తారు. ఐదుగురూ గూడెం రైసుమిల్లులో బియ్యం ఏరి వచ్చినవాళ్లే. మిల్లులో దీన్ని మారుచేట అనేవారు. కాకపోతే అక్కడ మారుచేట అంటే, ఒకరు ఏరాక మిగిలిన బియ్యాన్ని ఇంకొకరు చూడటం. ఇక్కడ ఏరి పక్కన పెట్టిన రాళ్లనే మళ్లీ చూస్తారు. వదిలేసినదాన్ని ఎవరూ చూడరు. ఇదేదో తిరగబడ్డ పనిలా ఉందని వాళ్లలో సౌభాగ్యానికి చేరిన రోజే అనిపించింది. కొత్తలో చెప్పడానికి జంకింది. తర్వాత అలవాటైపోయింది.

"పోయిన వారం వేరే దేశం వాళ్లు ఒక గ్రహశకలాన్ని కనిపెట్టారు," అన్నారు హేమాద్రి గారు. "దానికో చిన్న చందమామ కూడా ఉంది. రాయి మన కొండంత, చందమామ మీ మిల్లంత. రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ భూమి దారికి దగ్గరగా వస్తున్నాయి. ఎంత దగ్గరగానో తెలియాలంటే ఏళ్లనాటి పాత ఫొటోలు కావాలి. ఇంకో నెల రోజుల్లో అది సూర్యుడి వెనక్కి పోతుంది. మన టెలిస్కోపు దాన్ని ఈ ఏడు పద్నాలుగుసార్లు ఫొటో తీసింది. యంత్రం పద్నాలుగుసార్లూ వదిలేసింది."

"ఇలాంటివి ఇంకెన్ని వదిలేసిందండీ?" అని అడిగింది సౌభాగ్యం.

"అదే తెలీదు. ఎనిమిదేళ్ల ఆకాశం ఉంది. మనుషులు కూర్చుని చూడాలంటే ముప్పై ఏళ్లు పడుతుంది." ఆయన తల ఎత్తకుండానే అన్నారు. "దీనికి మళ్లీ నేర్పాలి. పైనుంచి కాగితం వచ్చింది."

గదిలో అందరి చూపూ మూలనున్న ఇనుప బీరువా మీదికి పోయింది.

ఆ బీరువాలో చెక్కపెట్టె, పెట్టెలో చూపుపట్టీ ఉన్నాయి. నుదుటికి కట్టుకునే మెత్తటి పట్టీ, లోపలివైపు వెంట్రుకల్లాంటి తీగలు. దాన్ని కట్టుకుని మనిషి ఆకాశం ఫొటోల్ని ఏరుతుంటే, ఏ చుక్కకూ ఏ చుక్కకూ తేడా ఎలా పోల్చుకుంటోందో ఆ నేర్పంతా యంత్రంలోకి వెళుతుంది. ఎనిమిదేళ్ల కిందట జిల్లా అంతా గాలించి, అందరికన్నా మంచి చూపున్న మనిషని సౌభాగ్యం అక్క ఆదెమ్మను తీసుకొచ్చారు. నలభై ఒక్క రోజులు కట్టుకుంది. పట్టీ ఆ నేర్పుకు నకలు తీస్తుందనుకున్నారు. అది నకలు తీయలేదు, ఉన్నదాన్నే తోడుకుంది. పని ముగించి ఇంటికొచ్చిన సాయంత్రం ఆదెమ్మ చేట ముందు కూర్చుని, చాలాసేపు చూసి, "ఏంటే ఇది, అంతా తెల్లగా ఉంది," అంది. డాక్టర్లు కళ్లు బాగున్నాయన్నారు. బస్సు కనబడుతుంది, గేదె కనబడుతుంది. ఒకేలాంటివి పది ఉంటే అందులో ఇది ఫలానా అని మాత్రం తెలియదు. గింజలూ అంతే, మొహాలూ అంతే. హేమాద్రి గారు పట్టీని ఆ రోజే పెట్టెలో పెట్టి తాళం వేశారు. గదిలో వాళ్లు యంత్రాన్ని పెద్దక్క అని పిలుస్తారు. సౌభాగ్యం ఎప్పుడూ అలా పిలవలేదు.

"ఎన్నాళ్లు కట్టుకోవాలండీ?" అంది భూలక్ష్మి. ఆమెకు ఆరునెలల పాప.

"జంటలు నేర్పడానికే కాబట్టి పంతొమ్మిది రోజులు."

"అయితే నేను కట్టుకుంటానండి. మా ఆయన ఎలాగూ కువైట్‌లో ఉన్నాడు. ఆయన మొహం గుర్తుపట్టకపోయినా నష్టం లేదు."

ఒకరిద్దరు నవ్వారు. సౌభాగ్యం నవ్వలేదు. "పాప మొహమో?" అంది.

భూలక్ష్మి ఒక అడుగు వెనక్కి వేసింది.

"నేను కట్టుకుంటాను సార్," అంది సౌభాగ్యం. "సోమవారం పొద్దున్న కూర్చుంటాను. అప్పటిదాకా ఆ పెట్టె తెరవకండి. అసలు ఇది జంటల్ని ఎందుకు వదిలేస్తోందో నన్ను చూడనివ్వండి."

"మేమంతా వారం నుంచి చూస్తున్నాం సౌభాగ్యం."

"ఆయ్. నన్నూ చూడనివ్వండి."

సౌభాగ్యం సాయంత్రం అక్కతో కలిసి బడి గేటు దగ్గరికి వెళ్లింది. ఆదెమ్మ ఇప్పుడు మిల్లులోనే బస్తాల మూతులు కుడుతుంది. దబ్బనంలో పురికొస ఎక్కించడం చేతికి వచ్చు, దానికి చూపు అక్కర్లేదు. కూతురు కస్తూరికి పన్నెండేళ్లు. బడిపిల్లలందరికీ ఎర్ర రిబ్బన్లు. కస్తూరికి మాత్రం పసుపు రిబ్బన్లు కట్టుకోవడానికి హెడ్మిస్ట్రెస్ ఒప్పుకుంది.

గంట కొట్టగానే నీలిగౌన్లు ఒక్కసారిగా గేటు దాటాయి. ఆదెమ్మ మెడ సాచి పసుపు కోసం వెతికి, ముందుకు వెళ్లి ఒక పిల్ల చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల బిత్తరపోయి చెయ్యి వెనక్కి లాక్కుంది. దాని జడలో ఉన్నది పసుపు చామంతిపువ్వు.

"అమ్మా, ఇటు," అంటూ వచ్చింది కస్తూరి. "ఈ పిల్లను తీసుకెళ్తావా ఏంటి? దీనికి లెక్కలు రావు. నన్నే తీసుకెళ్లు."

ఆదెమ్మ నవ్వింది. చెయ్యి మాత్రం చీరకు తుడుచుకుంటూనే ఉంది.

ఇంటికొచ్చాక సౌభాగ్యం వాకిట్లో చేట పెట్టుకుని బియ్యం ఏరడానికి కూర్చుంది. ఎండ ఇంకా గోడ మీద ఉంది. ఆదెమ్మ పక్కనే పీట వేసుకుని వంకాయలు తరుగుతోంది.

"పట్టీ మళ్లీ తీస్తున్నారంటగా," అంది, తరుగుతూనే.

"ఎవరు చెప్పారు?"

"మిల్లులో అందరికీ తెలుసు. భూలక్ష్మి అత్తగారు నాలుగు బజార్లకు వినబడేలా చెప్పింది." కత్తిపీట మీద వంకాయ రెండు ముక్కలైంది. "నువ్వు కట్టుకుంటే ఈ ఇంట్లో బియ్యం ఏరేదెవరే? ముగ్గురం రాళ్లు తిని బతకాలి."

సౌభాగ్యం పొట్టు వదలని మెరికలు ఒక పక్కకు, రాళ్లు ఒక పక్కకు తోస్తోంది.

"నువ్విప్పుడు నాకు తెలుస్తున్నావంటే నీ అడుగుల చప్పుడు వల్లే," అంది ఆదెమ్మ నెమ్మదిగా. "మొహం వల్ల కాదు. రోజూ పొద్దున్న లేచాక దాన్ని పిలుస్తాను చూడు, కస్తూరీ అని. పలికితేనే అది నా కూతురని నాకు తెలిసేది. పలకకుండా నిలబడిందనుకో, ఎవరో పిల్ల. ఇది చెప్పకూడదనుకున్నాను. చెప్పేశాను."

సౌభాగ్యం తల ఎత్తి అక్క మొహం చూసింది. ఎడమ కనుబొమ్మలో తెగిన గీత, ముక్కుపుడక పక్కన చిన్న మచ్చ. పట్టీ కట్టుకుంటే ఇవేవీ ఉండవు. అక్క మొహం కూడా చాలా మొహాల్లో ఒకటైపోతుంది. ఆమె తల దించి మళ్లీ చేటలోకి చూసింది.

వేలు ఒకచోట ఆగింది. రెండు బియ్యపు గింజలు నడుముల దగ్గర అతుక్కుని ఉన్నాయి. ఒకే పొట్టులో పండిన జంట. చాలా అరుదుగా వస్తుంది. ఆమె దాన్ని చూసి, అలవాటు కొద్దీ వదిలేసి, వేలు ముందుకు పోనిచ్చింది.

వెంటనే వెనక్కి వచ్చింది.

"అక్కా, మిల్లులో జంట గింజ వస్తే ఏం చేసేదానివి?"

"వదిలేసేదాన్ని. ఇంకేం చేస్తాం? అమ్మ నేర్పిందే కదా. జంటను ఏరకూడదు, అది తిన్న ఇంటికి శుభం, కవలలు పుడతారు."

"మరి ఆకాశం ఫొటోలు ఏరినప్పుడు?"

కత్తిపీట ఆగింది. "సారే కదే చెప్పారు," అంది ఆదెమ్మ చివరికి, "బియ్యంలో ఏరినట్టే ఏరమని."

శుక్రవారం పొద్దున్న ఈ మాట విని హేమాద్రి గారు ముందు నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. కిటికీలోంచి కొండవైపు చూస్తూ, "ఎనిమిదేళ్లు," అన్నారు. "ఒక్కసారైనా మేం మీ ఆచారాలు అడగలేదు."

"మీకు తెలియదు కదండీ."

"కారణం దొరికింది, సంతోషమే. కానీ యంత్రానికి కారణాలు అక్కర్లేదు సౌభాగ్యం. జంటను పట్టుకున్న చూపే కావాలి. మీ అక్క జంటల్ని ఏరలేదు, కాబట్టి అది నేర్చుకోలేదు. పట్టీ తప్పదు."

సౌభాగ్యం సంచిలోంచి చేట తీసి ఆయన బల్ల మీద పెట్టింది. కాగితాలు పక్కకు జరిపి బియ్యం పోసింది. పొట్లంలో దాచి తెచ్చిన జంట గింజను అందులో కలిపి, భూలక్ష్మిని పిలిచి ఏరమంది. "మీరు బియ్యాన్ని చూడకండి సార్. దీని వేలును చూడండి."

భూలక్ష్మి వేలు గింజల మీద పరుగెత్తింది. రాయి దగ్గర ఆగి తీసింది. మళ్లీ పరుగెత్తింది. మెరిక దగ్గర ఆగి తీసింది. ఇంకోచోట ఆగింది, తీయలేదు. ముందుకు పోయింది.

"అక్కడ ఎందుకు ఆగావు?" అన్నారు హేమాద్రి గారు.

"ఎక్కడండీ?" భూలక్ష్మి వెనక్కి చూసుకుంది. "ఓ, అదా. జంట ఉందండి. వదిలేశాను."

"మా అక్క జంటను ఏరలేదు," అంది సౌభాగ్యం. "చూడలేదని మాత్రం అనకండి. చూడకుండా వదలడం వేరు, చూసి వదలడం వేరు. చేటలో రెండు కుప్పలు కాదు సార్, మూడు. మీ యంత్రానికి రెండే చెప్పారు. పట్టీ అక్క ఏరినవే దాచిందా, అక్క కళ్లు ఎక్కడెక్కడ ఆగాయో అదంతా దాచిందా?"

ఆయన చేటలోని జంట గింజను వేలితో తాకారు. "అంతా దాచింది," అన్నారు. "ఏరినప్పుడు మీట నొక్కేది. ఆ నొక్కినవి యంత్రానికి పెట్టాం. మిగతా చూపంతా ఊక అనుకుని వదిలేశాం."

"పారేశారా?"

"లేదు. కొండ మీద పాత గదిలో డబ్బాల్లో పడి ఉంది. ఎనిమిదేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు, పనిచేస్తుందో లేదో కూడా చెప్పలేను."

"నాకో కాగితం రాసివ్వండి సార్. ఆ ఊకలో జంటలు దొరికితే చూపుపట్టీ పెట్టె తాళంచెవి మాకివ్వాలి, ఇంకెవ్వరూ దాన్ని కట్టుకోకూడదు. దొరక్కపోతే సోమవారం తొమ్మిదింటికి నేనే కూర్చుంటాను. రెండు మాటలూ ఒక్క కాగితం మీదే రాయండి."

"అది ఆఫీసు ఆస్తి అమ్మా."

"మా అక్క చూపు కూడా మీ ఆఫీసు దగ్గరే ఉంది కదండీ."

ఆయన కలం తీసుకున్నారు. సంతకం చేసేముందు ఒక్కక్షణం ఆగారు, అంతే.

శనివారం జీపులో ఐదుగురూ కొండెక్కారు. పాత గది తలుపు ఉబ్బిపోయి తెరుచుకోలేదు, భూలక్ష్మి భుజంతో నెట్టింది. ఏడు డబ్బాల్లో రెండు చెమ్మకు పాడైపోయాయి. ఐదు పలికాయి. హేమాద్రి గారు తెర మీద ఆదెమ్మ చూపును ఒక వెలుగుచుక్కగా నడిపించారు. అది ఫొటోలో కుడివైపు కింది మూల నుంచి బయలుదేరి, వరస తర్వాత వరస, చేట తిప్పినట్టు తిరుగుతూ పైకి పోతోంది. సౌభాగ్యం కుర్చీ దగ్గరికి లాక్కుంది. అక్క అలాగే ఏరేది.

మామూలు నక్షత్రాల మీద ఆ చుక్క ఆగలేదు. రాయి కనబడితే ఆగింది, మీట నొక్కిన గుర్తు పడింది. ఆగి, గుర్తు పడని చోట్లను వేరుచేయమని ఆయన యంత్రానికి చెప్పారు. మధ్యాహ్నానికి నాలుగువందల అరవై మూడు చోట్లు వచ్చాయి. వాటిని ఐదుగురూ పంచుకున్నారు.

మొదటి వంద చూసేసరికి ఒక్కటీ లేదు. అన్నీ కదలని చుక్కలే, పక్కపక్కనే ఉన్న నక్షత్రాలు. రెండో వందలోనూ అంతే.

"నిలబడ్డ జంటల్ని కూడా చూసి ఆగిందన్నమాట మీ అక్క," అంది భూలక్ష్మి నీరసంగా. "ఆమెకు జంట అంటే చాలు."

"ఆగాలి కదా మరి. ఇంకోటి తియ్యి."

ఆదివారం పది గంటలకు సౌభాగ్యం ఒకే చోటి మూడు ఫొటోల్నీ వరసగా తిప్పింది. మళ్లీ తిప్పింది. రెండు చుక్కలు, ఒకటి కాస్త లావు, ఒకటి సన్నం, ఆనీ ఆనకుండా, నక్షత్రాల మధ్యనుంచి కలిసి జరిగాయి. ఆమె ఎవరినీ పిలవలేదు. చేట తిప్పినట్టు ఫొటోను తలకిందులు చేసి ఇంకోసారి చూసింది. తర్వాత కుర్చీలోంచి లేచి, "భూలక్ష్మీ, ఇది మారుచేట చూడు," అంది.

సాయంత్రానికి అలాంటివి పంతొమ్మిది దొరికాయి. చందమామలున్న పంతొమ్మిది రాళ్లు. వాటిలో పద్నాలుగో ఫొటో దగ్గర హేమాద్రి గారు లెక్క చేస్తూ చేస్తూ లేచి నిలబడ్డారు. వేరే దేశం వాళ్లు పోయిన వారం కనిపెట్టిన రాయి అదే. ఎనిమిదేళ్ల కిందట ఆదెమ్మ దాన్ని చూసింది. ఆమె చూపు ఆ చుక్కల మీద ఆగి, వదిలి, ముందుకు పోయి, మళ్లీ వెనక్కి వచ్చి ఆగిన గుర్తు ఉంది. మూడుసార్లు.

ఆ పాత చోటును కలిపితే దారి మొత్తం తేలింది. పన్నెండేళ్ల తర్వాత ఆ జంట భూమి పక్కనుంచి పోతుంది. చంద్రుడికన్నా అవతల, ఎవరికీ తగలకుండా. మిగతావాటిలో ఒకదాని దారి మాత్రం భూమికి తగిలేలా కనబడింది. "దీన్ని వదలకూడదు," అన్నారు హేమాద్రి గారు. "తొమ్మిదేళ్ల టైముంది. ముందుగా తెలిస్తే పక్కకు నెట్టే దారులున్నాయి. తెలియకపోతేనే ఏమీ చేయలేం."

సోమవారం తొమ్మిదింటికి సౌభాగ్యం ఏరుడు గదిలో యంత్రం ముందు కూర్చుంది. ఆదెమ్మ ఆగి వదిలినవన్నీ రాత్రంతా యంత్రానికి మూడో కుప్పగా పెట్టారు. ఫొటోలో ఆమె తనే ఒక చుక్కను ఇరికించింది. పచ్చ సున్న వచ్చింది. పక్కనే ఇంకో చుక్కను పెట్టింది. సున్న పోలేదు. కాస్త సాగి, రెండు చుక్కల్నీ కలిపి చుట్టుకుంది.

పది ఫొటోల మీద పదిసార్లు చేసింది. పదకొండోసారి భూలక్ష్మి చేత చేయించింది.

హేమాద్రి గారు బీరువా తెరిచి, పెట్టె తాళం ఒకసారి లాగి చూసి, తాళంచెవి తెచ్చి ఆమె ముందు పెట్టారు. ఆమె దాన్ని గుప్పిట్లోకి తీసుకుంది.

మధ్యాహ్నం ఆదెమ్మ వచ్చింది. మిల్లు నుంచి తిన్నగా వచ్చింది, చీర మీద ఊక, కొంగుకు గుచ్చిన దబ్బనం. కనిపెట్టినవారి పేరు రాయాలి, మీరు రావాలని కబురు పంపారు. ఆమెను పెద్ద తెర ముందు కూర్చోబెట్టి ఆ జంట ఫొటో చూపించారు. ఆదెమ్మ మర్యాదకు కాసేపు చూసింది.

"ఎక్కడండీ? అంతా ఒకటేలా ఉంది."

హేమాద్రి గారి మొహం వాడిపోయింది. సౌభాగ్యం ఆయన్ను పక్కకు జరగమని, ఫొటోలోని నక్షత్రాలన్నిటినీ తీసేసింది. నల్లటి తెర మాత్రం మిగిలింది. దాని మీద అక్క చూపును, ఒక్క వెలుగుచుక్కను, గోలీకాయంత పెద్దది చేసి నడిపించింది.

పోల్చుకోవడానికి పక్కన ఇంకేమీ లేదు. ఉన్నది ఒకటే చుక్క. ఆదెమ్మకు కనబడింది. కుడివైపు కింది మూల నుంచి బయలుదేరింది. వరస తిరిగింది. ఇంకో వరస తిరిగింది. ఆదెమ్మ తల దానితోపాటు కదలడం మొదలెట్టింది.

"నాదే," అంది. "ఇది నేను ఏరడమే. అమ్మ అటునుంచి మొదలెట్టేది, నేను ఇటునుంచి."

చుక్క ఆగింది.

ఒళ్లో ఉన్న ఆమె బొటనవేలు మీట నొక్కబోయి, నొక్కలేదు. చుక్క ముందుకు పోయింది. కాస్త పోయి వెనక్కి వచ్చింది. మళ్లీ ఆగింది.

"జంట," అంది ఆదెమ్మ.

"ఆయ్, జంటే," అంది సౌభాగ్యం. "నువ్వు అప్పుడే చూశావక్కా. అందరికన్నా ముందు నువ్వే చూశావు."

"చూడకుండా ఎందుకుంటాను?" ఆదెమ్మ తెర మీదనుంచి చూపు తిప్పలేదు. "మళ్లీ వెయ్యండి సార్."

ఆయన మళ్లీ వేశారు. సౌభాగ్యం అక్క వెనక కూర్చుని, ఆమె కొంగు అంచు అందుకుని, అందులో ఏదో పెట్టి ముడి వేసింది. ఆదెమ్మ చూస్తూనే వేళ్లతో ముడిని తడిమింది.

"ఏంటే ఇది?"

"ఆ పెట్టె తాళంచెవి."

ఆదెమ్మ కాసేపు దాన్ని పట్టుకుని కూర్చుంది. తర్వాత, తెర మీద తన చూపు మూడో వరసలోకి తిరుగుతుండగా, ఆ ముడి మీద రెండో ముడి వేసి బిగించింది.